ఆవిడ ఉద్యోగం, ఆయన ఆరోగ్యం

2012 అక్టోబరులో బర్మింగ్‌హామ్‌లో కన్జర్వేటివ్ పార్టీ మహాసభ జరిగింది. అప్పటి బ్రిటన్ ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ వేదికెక్కి, సభికుల కళ్లకు ఒక బొమ్మ కట్టాడు. కష్టజీవి ఒకడు తెల్లారకముందే, చీకట్లో షిఫ్టుకు బయల్దేరాడు. తలెత్తి చూస్తే పక్కింటి కిటికీ తెరలు ఇంకా దించే ఉన్నాయి. లోపల సర్కారు భృతి తిని బతికేవాడు హాయిగా నిద్రపోతున్నాడు. ఇదెక్కడి న్యాయమని మంత్రిగారు అడిగారు.

బొమ్మ బాగానే కుదిరింది గానీ, ఇంటి నంబరే తప్పింది. ఆ చీకట్లో బయల్దేరే మనిషి, ఆ తెరల వెనక పడుకున్న మనిషి చాలాచోట్ల ఒకే ఇంట్లో ఉంటారు. వాళ్లు మొగుడూ పెళ్లాలు. ఆయన నడుం పనికిరాకుండా పోయి మంచానికి అతుక్కున్నాడు. ఆవిడ ఏ సూపర్‌మార్కెట్‌లోనో రోజుకు నాలుగైదు గంటల పార్ట్‌టైం చేసి కొంపను లాక్కొస్తోంది. మంత్రిగారి లెక్కలో ఒకరు పుణ్యాత్మురాలు, ఇంకొకరు పాపాత్ముడు. ఆ మంత్రిగారి ప్రభుత్వం లెక్కలో మాత్రం ఇద్దరూ కలిసి ఒక్కరే. ఆవిడ సంపాదించింది కనుక ఆయనకు భృతి అక్కర్లేదు.

ఈ లెక్క ఎప్పుడూ ఒకేలా ఉంటుందనుకుంటే పొరపాటు. డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తోందన్న దాన్ని బట్టి మారుతుంది. ఒకప్పుడు బ్రిటన్‌లో భార్య సంపాదనను భర్త సంపాదనలో కలిపేసి ఆదాయపు పన్ను కట్టించుకునేవారు. నైజెల్ లాసన్ 1988 బడ్జెట్‌లో ఇది ఆడవాళ్లకు అవమానమని గుర్తించి, 1990 ఏప్రిల్ 6 నుంచి ఎవరి పన్ను వాళ్లదేనన్నాడు. మంచి పనే. అప్పటి నుంచి పన్నుల శాఖ దృష్టిలో ఆలుమగలు ఇద్దరు వేర్వేరు వ్యక్తులు. నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక బీమా చందా కూడా ఎవరి జీతంలోంచి వాళ్లకే కోస్తారు. అదే మనిషి జబ్బుపడి సంక్షేమ శాఖ గుమ్మం తొక్కగానే సప్తపది గుర్తొస్తుంది. వసూళ్లప్పుడు ఇద్దరు, చెల్లింపులప్పుడు ఒక్కరు. మన పురాణాల్లో అర్ధనారీశ్వరుడు ఒక్కడే, అదీ కైలాసంలో. బ్రిటన్‌లో జాబ్‌సెంటర్ అనే సర్కారు భృతి ఆఫీసు ఉన్న ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు.

ఈ తత్వం పూర్తిగా పండింది ఎంప్లాయ్‌మెంట్ అండ్ సపోర్ట్ అలవెన్స్‌లో. పొట్టిగా ఈఎస్‌ఏ. 2008 అక్టోబరులో వచ్చిన ఈ అనారోగ్య భృతి రెండు రకాలు. ఒకటి, మనిషి తాను కట్టిన చందాల మీద హక్కుగా వచ్చేది. రెండోది, ఇంటి రాబడి చూసి ఇచ్చేది. ఈ రెండో రకంలో ఒక ముచ్చటైన నిబంధన పెట్టారు. జబ్బుపడిన మనిషి జీవిత భాగస్వామి వారానికి 24 గంటలు, ఆపైన పనిచేస్తే భృతి పూర్తిగా బంద్ అయ్యేది. 23 గంటలైతే మాత్రం అర్హతకు ఢోకా ఉండేది కాదు.

ఆ ఇరవై నాలుగో గంటకు ఉన్న మహత్తు ఏ ధన్వంతరికీ లేదు. మంగళవారం సాయంత్రం మేనేజరొచ్చి, ఇంకొక్క గంట ఉండి అరలు సర్దిపోతావా అమ్మా అని అడుగుతాడు. ఆవిడ సరేనంటుంది. ఈ గంటలు వారం వారం అలవాటుగా నిలబడితే, ఇంట్లో పడుకున్నాయన వెన్నుపూస ప్రభుత్వం దృష్టిలో దానంతటదే చక్కబడుతుంది. డాక్టరు రాసిన కాగితం మారలేదు, ఎక్స్‌రే మారలేదు. మారిందల్లా పెళ్లాం డ్యూటీ చార్టు.

పోనీ 24 గంటలకు లోపలే ఉండి బుద్ధిగా పనిచేసిందనుకుందాం. అప్పుడూ ఆవిడ జీతంలో వారానికి 20 పౌండ్లే వదిలి, మిగిలిన ప్రతి పౌండుకూ ఒక పౌండు చొప్పున భర్త భృతిలో కోసేవారు. 2025–26 కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. వారానికి పది గంటలు చేస్తే 122 పౌండ్లు చేతికొస్తాయి. అందులో 102 పౌండ్ల మేర ఆయన భృతి తగ్గుతుంది. ఇంటికి అదనంగా మిగిలేది 20. అంటే గంటకు రెండు పౌండ్ల కూలి, బస్సు చార్జీలు తన సొంతం. పనిచేస్తేనే బాగుపడతారని ఊరూరా టముకు వేసిన దొరలే ఈ లెక్కను ఇన్నేళ్లు కాపాడారు. ఇప్పుడు ఈ రకం ఈఎస్‌ఏలోకి కొత్తవాళ్లను తీసుకోవడం లేదు. ఉన్నవాళ్లను, ఇంటి రాబడి చూసి ఇచ్చే పాత భృతులను ఒకటిగా కలిపిన యూనివర్సల్ క్రెడిట్‌లోకి తరలిస్తూ వచ్చారు.

ఇంటి రాబడి చూసి ఇచ్చేదాంట్లో ఇల్లాలి జీతం చూడరా అని ఎవరైనా అడగొచ్చు. సరే, చూడనివ్వండి. మరి చందా కట్టి సంపాదించుకున్న మొదటి రకం మాటేమిటి? 2012 ఏప్రిల్ 30 నుంచి దానికీ 365 రోజుల గడువు పెట్టారు. కాలక్రమంలో కోలుకుని పనికి సిద్ధపడగలరని అధికారులు నమ్మిన రోగులందరికీ ఇది వర్తించింది. అప్పటికే కొన్ని నెలలుగా భృతి తీసుకుంటున్నవాళ్లకు ఆ నెలలు కూడా గడువులోనే లెక్కేశారు. కొందరికి చట్టం అమల్లోకి వచ్చిన రోజే గడువు తీరిపోయింది. ఇరవై ముప్పై ఏళ్లు చందా కట్టినవాడికి కూడా ఏడాదే. ఆ తర్వాత ఏం చెయ్యాలి? అప్పట్లో ఇంటి రాబడి చూసే రకానికి దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. అక్కడ 24 గంటల నిబంధన నోరు తెరుచుకుని కూర్చునేది. మోకాటి నొప్పికైనా కాన్సర్‌కైనా 365 రోజులే, ఎందుకంటే క్యాలెండరుకు పక్షపాతం ఉండదు.

దీన్ని అడ్డుకునే ప్రయత్నం జరగకపోలేదు. హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో భారత సంతతికి చెందిన ప్రసూతి వైద్యుడు లార్డ్ నరేన్ పటేల్ ముందుండి వాదించారు. 2012 జనవరిలో ఎగువ సభ ఈ గడువు తెచ్చిన బిల్లు మీద ప్రభుత్వాన్ని ఒకేరోజు మూడుసార్లు ఓడించింది. కాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లను గడువు నుంచి మినహాయించాలంది, మిగతావాళ్లకు రెండేళ్లన్నా ఇవ్వాలంది. మర్నెల మొదటి తేదీన దిగువ సభ ఆ సవరణలన్నీ కొట్టేసింది. ఇది డబ్బు వ్యవహారం, అందులో వేలు పెట్టే హక్కు ఎగువ సభకు లేదంది. జబ్బు గురించి మాట్లాడుతున్నామనుకున్నవాళ్లకు అది డబ్బు సంగతని తెలిసొచ్చింది.

నిజంగా జబ్బేనా అని తేల్చే పరీక్ష ముచ్చట వేరే ఉంది. పాయింట్ల పద్ధతి, పదిహేను వస్తే నెగ్గినట్టు. కోటు పైజేబులో ఏదో పెట్టుకుంటున్నట్టుగా రెండు చేతుల్లో ఒక్కటీ పైకెత్తలేకపోతే 15 పాయింట్లు. జేబుదాకా వెళ్లి, టోపీ పెట్టుకునేంత ఎత్తుకు వెళ్లకపోతే 9. అర లీటరు ద్రవం నిండిన డబ్బాను ఎత్తి జరపలేకపోతే 15, లీటరు డబ్బా అయితే 9. ఇవన్నీ దాటుకుని ఆయన రోగిగా పట్టభద్రుడైతే, అప్పుడు మెల్లగా అడుగుతారు: మీ ఆవిడ ఏం చేస్తుంటుంది?

ఈ ప్రశ్నకు వయసు చాలా ఉంది. బ్రిటన్ సంక్షేమ రాజ్యానికి పునాది వేసిన 1942 నాటి బెవరిడ్జ్ నివేదికలోనే, ఉద్యోగం చేసే పెళ్లయిన ఆడదానికి జబ్బు చేస్తే మగవాడికన్నా తక్కువ భృతి చాలన్నారు. మొగుడున్నాడుగా, తిండీ ఇల్లూ వాడే చూస్తాడని. 1975లో చందాలు కట్టలేకపోయిన వికలాంగులకు ఒక పెన్షన్ పెట్టి, పెళ్లయిన స్త్రీలను అందులోంచి తప్పించారు. గోల జరిగాక, 1977లో గృహిణులకూ ఇస్తామన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. ఉద్యోగం చెయ్యలేనని నిరూపిస్తే సరిపోదు, ఇంటిపని కూడా చెయ్యలేనని నిరూపించాలి. మగవాడికి కర్మాగారంలో ఓడిపోతే చాలు, ఆడది వంటింట్లోనూ ఓడిపోవాలి. కాలూ చెయ్యీ ఆడక, కుర్చీలో కూర్చునే ఉల్లిపాయలు తరిగిన ఇల్లాలు తన నేర్పుకు తానే జరిమానా కట్టుకుందన్నమాట. ఈ ‘ఇంటిపని పరీక్ష’ 1984లో గానీ పోలేదు. రోగికి సేవచేసేవాళ్లకు ఇచ్చే భత్యం కూడా అప్పట్లో పెళ్లయిన స్త్రీలకు ఉండేది కాదు, ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కనుక. అది వివక్ష అని 1986లో యూరోపియన్ న్యాయస్థానం డ్రేక్ అనే ఆవిడ కేసులో చెప్పాల్సొచ్చింది.

ఇప్పుడు ఆడా మగా తేడా లేదు. ఎవరు రోగి అయితే వాళ్లు నష్టపోయే సమానత్వం వచ్చింది. స్వలింగ జంటలకైతే ఈ సమానత్వం మరీ తొందరగా అందింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో వాళ్ల పెళ్లిళ్లు చట్టబద్ధంగా మొదలైంది 2014లో. కానీ కలిసి కాపురం చేస్తున్నారు గనుక ఇద్దరి రాబడినీ కలిపి భృతి కోసే పద్ధతి 2005 డిసెంబరు నుంచే అమలైంది. అక్షింతలకన్నా ఎనిమిదేళ్ల ముందే కోత! పెళ్లి చేసుకోకుండా కలిసున్నంత మాత్రాన తప్పించుకోలేరు కూడా. వంట కలిపి చేస్తారా, బిల్లులెవరు కడతారు, నలుగురిలో ఆలుమగల్లా మెలుగుతారా, పడక ఒకటేనా అని ఆరా తీసే కొలబద్దలు సంక్షేమ చట్టంలో ఎప్పటినుంచో ఉన్నాయి. పెళ్లిచూపుల్లో మన పెద్దవాళ్లు కూడా ఇన్ని అడగరు.

యూనివర్సల్ క్రెడిట్ కొంత నయమన్న మాట ఒప్పుకోవాలి. 24 గంటల గోడను కూల్చి, అక్కడ ఏటవాలు దారి వేశారు. ఇంట్లో ఒకరు రోగి అయితే సంపాదనలో కొంత మొదట వదిలేస్తారు. 2025–26లో ఇది అద్దె సాయం తీసుకునే ఇళ్లకు నెలకు 411 పౌండ్లు, తీసుకోని ఇళ్లకు 684. ఆపైన చేతికొచ్చే ప్రతి పౌండుకూ 55 పెన్నీలు కోస్తారు. మొదట్లో 65 ఉండేది, 63 అయింది, 2021లో 55కు దిగింది. ఇంగ్లండ్‌లో అత్యంత సంపన్నుడు తన జీతంలో చివరి పౌండు మీద కట్టే ఆదాయపు పన్ను 45 పెన్నీలన్నది ఇక్కడ గుర్తుచేయడం మర్యాద కాదేమో. ఇక దాచుకున్న సొమ్ము ఇద్దరిదీ కలిపి 16,000 పౌండ్లు దాటిందా, ఒక్క పెన్నీ రాదు. ఆ హద్దు 2006 నుంచీ అంగుళం కదల్లేదు.

అన్నిటికన్నా సొగసైన నిబంధన ఇంకొకటి. పని చెయ్యలేనంత జబ్బుంటే 2025–26లో నెలకు 423.27 పౌండ్లు అదనంగా కలిపేవారు. ఆలుమగలిద్దరూ అంత జబ్బున పడితే? అప్పుడూ 423.27 పౌండ్లే. ఆయనకు పక్షవాతం, ఆవిడకు మూత్రపిండాల జబ్బు ఉన్నా సర్కారు లెక్కకు ఆ ఇంట్లో ఉన్నది ఒక రోగమే. రెండోది ఉచితంగా అనుభవించవచ్చు. ఆ సొమ్ము కూడా 2026 ఏప్రిల్ నుంచి కొత్తగా వచ్చేవాళ్లలో అత్యధికులకు దాదాపు సగానికి, 217.26 పౌండ్లకు, పడిపోయేలా 2025లో లేబర్ ప్రభుత్వం చట్టం చేసింది. కన్జర్వేటివ్‌ల కత్తి లేబర్ చేతిలో మొద్దుబారలేదు.

బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీదున్న తెలుగు కుటుంబాలకు యూనివర్సల్ క్రెడిట్ ఎలాగూ లేదు. సర్కారు సొమ్ము ముట్టుకోకూడదని వీసా షరతుల్లోనే ఉంటుంది. అయితే చందాల మీద వచ్చే కొత్త తరహా ఈఎస్‌ఏ ఆ నిషేధం కిందికి రాదు. అది భాగస్వామి జీతం అడగదు, పొదుపూ అడగదు. పాతికేళ్లు నిండినవాళ్లకు 2025–26లో వారానికి 92.05 పౌండ్లతో మొదలయ్యేది. ప్రతినెలా జీతంలో కోత పడుతున్నా, అది దేనికో చాలామందికి తెలియదు. మనకు పరువు కూడా అడ్డం. అనారోగ్య భృతికి దరఖాస్తు పెట్టడమంటే, అమలాపురంలో ఉన్న అత్తగారికి తెలిస్తే ఎలా అన్న బెంగ ముందు పుడుతుంది.

మన దగ్గర 1948 నాటి చట్టంతో వచ్చిన ఈఎస్‌ఐ పథకం ఈ ఒక్క విషయంలో దొరలకన్నా పెద్దమనిషి తరహాగా ఉంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతగాడికి జబ్బు చేస్తే, చందా షరతులు తీరినట్లయితే, ఏడాదికి 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం ఇస్తుంది. భార్య బట్టలకొట్లో పనిచేస్తుందా, బడిలో పాఠాలు చెబుతుందా అని అడగదు. ఈఎస్‌ఐ డిస్పెన్సరీ వరసలో నిలబడ్డానికి కావాల్సిన ఆరోగ్యం సంగతి వేరే వ్యాసానికి వదిలేద్దాం. ఇంట్లో ఒకరికి కారుందని ఇంకొకరి పింఛను ఆపే విద్య తెలుగునాట కూడా బాగానే ఒంటబట్టింది కనుక, మనం మరీ మీసం మెలెయ్యక్కర్లేదు.

ఇక, కాపురానికి బ్రిటన్ లెక్క ఎంత విలువ కట్టిందో 2025–26 రేట్లతోనే చూడొచ్చు. పాతికేళ్లు దాటిన, పిల్లల్లేని, అద్దె సాయం అక్కర్లేని ఒక జంటను తీసుకోండి. భర్త పని చెయ్యలేని రోగి. భార్య కనీస వేతనం మీద వారానికి 30 గంటలు పనిచేస్తే, కోతలు పోను నెలకు చేతికొచ్చేది 1,430 పౌండ్ల పైచిలుకు. ఇద్దరూ కలిసుంటే వచ్చే యూనివర్సల్ క్రెడిట్ దాదాపు 640 పౌండ్లు. ఆవిడ వేరే ఇల్లు చూసుకుని వెళ్లిపోతే, ఆయన ఒక్కడికే 823.41. కుటుంబ విలువల మీద ఉపన్యాసాలిచ్చే పార్టీలన్నీ వంతులవారీగా ఏలిన దేశంలో, జబ్బుపడిన మొగుణ్ని వదలకుండా ఉన్నందుకు ఇల్లాలు కట్టే నెలసరి రుసుము 180 పౌండ్ల పైమాట. ఆ రుసుము మిగులుతుందని ఏ ఇల్లాలైనా వేరు కాపురం పెట్టబోతే, మాంచెస్టర్‌లో ఒంటిగది అద్దె కూడా అందులోంచి రాదు. బ్రిటన్‌లో రోగిష్టివాళ్ల కాపురాలు ప్రస్తుతానికి ఇంటి ఓనర్ల దయవల్ల నిలబడుతున్నాయి.