మొక్క నాటితే పది మార్కులు

అక్టోబరు రాగానే ఆ పీడీఎఫ్ మళ్ళీ వాట్సాప్ గ్రూపుల్లోకి దిగింది. వన్యప్రాణి వారోత్సవాలు, బడిపిల్లలకు వ్యాసరచన పోటీ, అంశం 'వన్యప్రాణులపై మానవ ప్రభావం'. ఇంట్లో ఆరో తరగతి దాటిన పిల్లలుంటే ఈపాటికి మీకూ చేరే ఉంటుంది. పైన పులి బొమ్మ. మన నల్లమల పులి అనుకునేరు, మంచులో నడుస్తున్న సైబీరియా పులి. పులి కంటే స్పాన్సరు గారి లోగో పెద్దది. చెరువు ఒడ్డున విల్లాలు కట్టి, వాటికి పక్షుల పేర్లు పెట్టి అమ్ముకునే పెద్దమనిషి ఆయన. చెరువులో లేకపోతేనేం, బ్రోచర్లో బోలెడు పక్షులు.

ఊరుకోలేక నిబంధనలు కూడా చదివాను. వ్యక్తులను గానీ సంస్థలను గానీ ప్రభుత్వాన్ని గానీ విమర్శించరాదు. అంటే కొల్లేరు అందం గురించి ఎంతైనా రాయొచ్చు, చేపల చెరువుల ఊసెత్తకూడదు. ఆ కొల్లేరు అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు కుదించమని 2008లో సాక్షాత్తూ శాసనసభే తీర్మానం చేసిందని అసలే రాయకూడదు. సరే, ఈ మర్యాద మనకు కొత్తదేమీ కాదు. నాకు ఒళ్ళు మండింది దాని కింది లైనుకు: 'ముగింపులో పరిష్కార మార్గాలు తప్పనిసరి. 10 మార్కులు.'

ఆ పరిష్కారమేమిటో రాసే పిల్లలకు తెలుసు, దిద్దే టీచర్లకు తెలుసు. మొక్క నాటడం. మన్యంలో ఏనుగు కరెంటు కంచెకు తగిలి చచ్చిందా, మొక్క నాటాలి. హైవే మీద చిరుతను లారీ గుద్దిందా, రెండు మొక్కలు నాటాలి. లారీ స్పీడు తగ్గించాలని ఏ పిల్లాడైనా రాస్తే అది విమర్శ కిందికి వస్తుందేమో కనుక్కోవాలి.

నంద్యాల జిల్లా రోళ్లపాడు సంగతి చూడండి. బట్టమేక పిట్ట ఉందని 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. మగ పిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. దానికి కావలసింది చెట్టు కాదు, కనుచూపు మేర గడ్డిబీడు. ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్నది దానికి సరిగా ఆనదు, అందుకే కరెంటు తీగలకు గుద్దుకుని రాలిపోతుంది. చుట్టూ బీళ్ళు దున్నేశారు, పంటలు మారాయి, తీగలొచ్చాయి, పిట్ట పోయింది. దేశం మొత్తం మీద మిగిలినవి 200 లోపే అంటున్నారు. ఇప్పుడు ఏడో తరగతి పిల్లాడు ఆ మిగిలిన బీటిలో వరసగా వేపమొక్కలు నాటిస్తాడు, కాగితం మీద. పిట్టకు ఉన్న ఆ కాస్త చోటూ పోయింది. పదికి పది.

కలివి కోడిదీ ఇదే కథ. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందని పుస్తకాల్లో రాసేసుకున్న పిట్ట 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర మళ్ళీ దొరికింది. దాన్ని పట్టింది ఐతన్న, రాత్రిపూట లైటు వేసుకుని పిట్టలు పట్టే మనిషి. ముళ్ళపొదకీ ముళ్ళపొదకీ నడుమ ఖాళీ నేల ఉంటేనే అది తిరుగుతుంది. చెట్లు గుబురుగా పెరిగితే దానికి బతుకు లేదు. తర్వాత తెలుగుగంగ కాలువను దాని చోటు మీదుగా తవ్వబోతే, పక్షులవాళ్ళు గగ్గోలు పెట్టి, కాలువ దారే మార్పించారు. గమనించారా, దారి మార్చారు, మొక్క నాటలేదు. ఆ పక్షులవాళ్ళు ఈ పోటీలో కూర్చుంటే పరిష్కారాల దగ్గర సున్నా వచ్చేది.

పిల్లలను అని లాభం లేదు, ఈ పాఠం పెద్దలు ఎప్పుడో వంటబట్టించుకున్నారు. ఒకచోట అడవి కొట్టెయ్, ఇంకోచోట మొక్కలు నాటినట్టు లెక్క చూపించు, దానికో చట్టం కూడా ఉంది, 2016లో చేశారు. గ్రేట్ నికోబార్‌లో కొట్టేసే అడవికి బదులు ఎక్కడ నాటుతామన్నారో తెలుసా? హర్యానాలో. సముద్రం దాటి, దేశం దాటి, ఢిల్లీ పక్కన. నికోబార్ మెగాపోడ్ పక్షి టికెట్ కొనుక్కుని రైలెక్కాలి కాబోలు. మన దగ్గర రోడ్డు డివైడర్ల నిండా కోనోకార్పస్ చెట్లు నాటి, పచ్చదనం పెరిగిందని ఫొటోలు దిగి, తీరా అది మంచిది కాదు, ఇక నాటొద్దని 2022లో తెలంగాణలో ఉత్తర్వులిచ్చారు. ఆ నాటిన రోజుల్లో ఎన్ని బడుల పిల్లలను ఎండలో నిలబెట్టి ప్రతిజ్ఞ చేయించారో!

మా మేనకోడలి కూతురు పోయినేడు ఈ పోటీకి రాసింది. వాళ్ళ అపార్ట్‌మెంటు జనరేటరు గది మీదకు ఓ నెమలి వస్తుందట. మగది, తోకలో ఈకలు సగం లేవు. వాచ్‌మన్ ఈల ఊదితే దిగి, పార్కింగులో ఎస్‌యూవీ తలుపులో తన నీడ చూసుకుని, ఇంకో నెమలి అనుకుని టకటకా పొడుస్తుంది. కారాయన అసోసియేషన్ మీటింగులో ఫిర్యాదు పెట్టాడు, నెమలి మీద. "అది ఇదివరకు ఎక్కడ ఉండేదో మా అమ్మ కిటికీలోంచి చూపించింది. అక్కడ ఇప్పుడు మూడు క్రేన్లున్నాయి." అక్కడితో ఆపేసింది పిల్ల. కింద ఎర్ర సిరాతో టీచరు: 'పరిష్కారం ఏది? విషయానికి సంబంధం లేదు.' మొదటి బహుమతి వ్యాసం నాకు చూపించారు. మానవుడు ప్రకృతిలో అంతర్భాగమట, జీవవైవిధ్యం కీలక పాత్ర పోషిస్తుందట, చివర ఐదు పాయింట్లు. చాట్‌జీపీటీ చెబుతుంటే తండ్రి టైపు చేసినట్టుంది.

"తాతయ్యా, నేనేం తప్పు రాశాను?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు, ఒంట్లోంచి సెగలొచ్చాయి.

ఎందుకంటే ఈ హైదరాబాదులో పిల్లలకు మానవ ప్రభావం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2025 మార్చి 30, ఉగాది, వరుస సెలవులు. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి జేసీబీలు దిగాయి. రాత్రుళ్ళు లైట్లు పెట్టి మరీ చెట్లు కూల్చారు. అడ్డొచ్చిన యూనివర్సిటీ పిల్లలను వ్యాన్లలో కుక్కి తీసుకుపోయారు. నెమళ్ళ అరుపులు ఫోన్లలో ఊరంతా విన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికే 100 ఎకరాల దాకా నేలమట్టం. ఆ తర్వాత మనవాళ్ళకు పట్టిన బెంగల్లా ఒకటే, ఆ వీడియోల్లో ఏది అసలు, ఏది ఏఐ. కేసులు పెట్టారు. వ్యాసం ఏఐ రాస్తే షీల్డు, నెమలి బొమ్మ ఏఐ గీస్తే ఎఫ్ఐఆర్.

చెట్లు కూల్చమని సంతకం పెట్టింది పిల్లలు కాదు. టెండరు పిలిచింది, లేఅవుటుకు అనుమతిచ్చింది, ఆ ప్లాటు కొన్నది, ఎవరూ పిల్లలు కారు. మనం చేసి, మనమే వాళ్ళను బల్ల దగ్గర కూర్చోబెట్టి, దీనికి విరుగుడు నువ్వే చెప్పు, అదీ ఎవరినీ నొప్పించకుండా చెప్పు, అంటున్నాం. పైగా బాల్కనీలో పిచ్చుకలకు నీళ్ళ చిప్ప పెట్టావా లేదా అని నిలదీస్తున్నాం. సిగ్గుండాలి. మనం చెంపలేసుకోవడానికి బదులు, పదకొండేళ్ళ పిల్ల చేత మన తరఫున చెంపలేయిస్తున్నాం.

పెద్దల పరిష్కారం ఎలా ఉంటుందో చూడండి. ఈ ఊళ్ళోనే కేబీఆర్ పార్కు చుట్టూ రక్షణ వలయం అని 2020లో కేంద్రం ముసాయిదా ఇచ్చింది. అందులో కొన్నిచోట్ల ఆ వలయం వెడల్పు 3 మీటర్లు. నెమలి పొడిచిన ఆ ఎస్‌యూవీ అందులో అడ్డంగా నిలబెడితే రోడ్డు మీదికి వస్తుంది. దీనికి పరిష్కార మార్గం ఐదు వందల పదాల్లో రాయమనండి చూద్దాం, ముసాయిదా రాసినవాళ్ళను.

పోటీ ఎటూ ఆగదు. కాబట్టి పిల్లలూ, రాయండి. పరిష్కారాల దగ్గరికి రాగానే మొక్క జోలికి పోకండి. మీ ఇంటి దగ్గర ఏ కుంట పూడ్చారో, ఏ గుట్ట పగలగొట్టారో, అక్కడ ఏ పిట్ట ఉండేదో, దొరికితే సర్వే నంబరుతో సహా రాసెయ్యండి. సర్వే నంబరు మీ నాన్నను అడగండి, ఆయనకు తెలిసే ఉంటుంది. పది మార్కులు పోతాయి. పోతే పోనీండి, ఇచ్చే షీల్డు ప్లాస్టిక్‌దే.