కూడితే తొమ్మిది

తొమ్మిది అంటే నాకు పిచ్చి. ఇష్టం అని సర్దిచెప్పుకోవచ్చు గానీ, కారు కొనేటప్పుడు ఇంజను వదిలేసి నంబరు ప్లేటు మీద అంకెలు కూడుకున్నవాడిది ఇష్టం అనిపించుకోదు.

ఏ అంకెలు కనబడినా కూడేస్తాను. ఒక్క అంకె మిగిలేదాకా కూడతాను. బస్సు వెనక నంబరు, కరెంటు బిల్లు మీద యూనిట్లు, రైలు టికెట్టు మీద పీఎన్ఆర్, ఆఖరికి గుళ్లో అర్చన చీటీ. తొమ్మిది వచ్చిందా, ఆ పూట నాదే. రాలేదా, ఇంకో వైపు నుంచి కూడి చూస్తాను. ఈ రెండో సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఈ రోగం నాకు బ్యాంకులో అంటింది. కంప్యూటర్లు రాని రోజులు. సాయంత్రం డే బుక్ టాలీ కాకపోతే ఎవరూ ఇంటికి కదిలేవాళ్లు కాదు. కొత్తగా చేరిన రోజుల్లో ఒక సాయంత్రం లెక్క తేలక, వోచర్ల కట్టలన్నీ బల్ల మీద గుమ్మరించుకుని కూర్చున్నాను. పక్క సీటు పెద్దాయన చుట్ట ఆర్పేసి వచ్చాడు.

"తేడా ఎంతోయ్?"

"నూట ఎనభై అండీ."

"కూడు."

"ఒకటీ ఎనిమిదీ... తొమ్మిదండీ."

"అయితే ఎవడో అంకెలు తారుమారు చేశాడు. మొత్తాలు మళ్లీ వెయ్యకు, వోచర్లు పట్టుకుని లెడ్జర్ చూడు."

అయిదు నిమిషాల్లో దొరికింది. 5,640 అని ఉన్న వోచర్ని లెడ్జర్లో 5,460 అని ఎక్కించారు. ఆ ఎక్కించింది నేనే. ఇందులో మాయేమీ లేదు. పదుల స్థానంలో ఉన్న అంకె ఒకట్లలోకి దిగితే, పది రెట్లు ఉండాల్సింది ఒక రెట్టుకు పడిపోతుంది. తేడా తొమ్మిది రెట్లు. అంచేత రెండు అంకెలు అటూ ఇటూ అయితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగం పోతుంది. పాతకాలం గుమాస్తాలందరికీ తెలిసిన చిట్కా అది. ఆయన చిట్కా చెప్పాడు, నేను ఉపదేశంగా తీసుకున్నాను.

ఆ తర్వాత నాకు లోకమంతా తొమ్మిదే. నవగ్రహాలు, నవరసాలు, నవధాన్యాలు సరే, అవి పేరులోనే ఉన్నాయి. పేరులో లేనివే నన్ను ఊరించేవి. భారతంలో పర్వాలు 18. పురాణాలు 18. నక్షత్రాలు 27, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108. అష్టోత్తరానికీ 108, అంబులెన్సుకీ 108. కర్ణాటక సంగీతంలో మేళకర్తలు 72. ఒక్క అక్షౌహిణిలో రథాలు 21,870, ఏనుగులు 21,870, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. నాలుగూ కూడి చూడండి. ఇది కనిపెట్టిన రాత్రి మా ఆవిడని నిద్రలేపి మరీ చెప్పాను. "ఏనుగులకి లేని దిగులు మీకెందుకండీ" అని అటు తిరిగి పడుకుంది.

రాశులు పన్నెండు, తిరుమల కొండలు ఏడు. అవి నేను ఎవరి ముందూ ఎత్తేవాణ్ణి కాదు.

చదివింపుల దగ్గర ఈ పిచ్చి నా జేబు కొట్టేది. మనవాళ్లకి నూట పదహార్లు ఆనవాయితీ. ఎందుకలా అంటే, నిజాం హాలీ సిక్కా ఏడు రూపాయలు కంపెనీ రూపాయలు ఆరింటికి సమానం కాబట్టి నూరు కంపెనీ రూపాయలకి నూట పదహారు చిల్లర అయ్యేదని ఒక వాదన ఉంది. ఏమైనా, 116 కూడితే ఎనిమిది. నాకు నచ్చలేదు. 1,116 కూడితే తొమ్మిది, దివ్యంగా ఉంది. ఒక స్నేహితుడి కొడుకు పెళ్లికి మాత్రం చిక్కొచ్చి పడింది. 5,116 ఇద్దామనుకున్నాం. కూడితే నాలుగు. 1,116 ఇస్తే పరువు తక్కువ. కల్యాణమండపం మెట్ల మీద కవరు పట్టుకుని నిలబడి, వేళ్ల మీద లెక్కేసుకుని, 10,116 దగ్గర తేలాను. అయిదు వేలు ఏటీఎంలో తెచ్చి కలిపాను. స్నేహితుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తన మీద నాకింత అభిమానం ఉందని తనకి తెలియదన్నాడు. నాకూ అప్పటిదాకా తెలియదు.

కారు సంగతి అంత శుభంగా ముగియలేదు. సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మేచోట రెండు బళ్లు చూపించారు. ఒకటి ఒక డాక్టరు గారిది, సర్వీసు రికార్డంతా పక్కాగా ఉంది, టైర్లు కొత్తవి. నంబరు 4027. కూడితే పదమూడు, అంటే నాలుగు. రెండోది ఎవరిదో అడగలేదు. నంబరు 7236. ఏడూ రెండూ తొమ్మిది, మూడూ ఆరూ తొమ్మిది, మొత్తం పద్దెనిమిది, మళ్లీ తొమ్మిది. మూడుసార్లు తొమ్మిది చెప్పిన బండి మీద అనుమానపడటం పాపం అనిపించింది. మా ఆవిడ బానెట్ ఎత్తించమంది. నేనే వద్దన్నాను. నెల తిరక్కుండానే క్లచ్ పోయింది, ఆపైన హెడ్ గాస్కెట్. మెకానిక్ కుర్రాడు నూనె చేతులు తుడుచుకుంటూ, "ఏం చూసి కొన్నారు సార్ దీన్ని?" అని అడిగాడు. ఏం చెప్పను?

ఈ పిచ్చి నా ఒక్కడిదే అయితే సిగ్గు ఇంకాస్త ఎక్కువగా ఉండేది. ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో 9999 వేలానికొచ్చిన రోజు చూడాలి. 2024 ఆగస్టులో ఆ నంబరు 25 లక్షల పైచిలుకు పలికింది. నంబరు ఒక్కటే, కారు వేరే. జూనియర్ ఎన్టీఆర్‌కి తన బళ్ల మీద ఆ నంబరంటే మక్కువని అభిమానులందరికీ తెలుసు. వాళ్లకి డబ్బుంది, నంబరూ కొంటారు, బండీ కొంటారు. నేను నంబరు కొని బండి పోగొట్టుకున్నాను.

చరిత్ర దగ్గరకొచ్చేసరికి తొమ్మిది అంత తేలిగ్గా లొంగలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1-11-1956న. కూడితే 24, అంటే ఆరు. తెలంగాణ ఏర్పడింది 2-6-2014న. కూడితే 15, మళ్లీ ఆరు. కలిసిన రోజూ ఆరే, విడిపోయిన రోజూ ఆరే. రెండు రోజులు దిగాలుగా ఉండి, మూడోరోజు స్నానం చేస్తుండగా తట్టింది: ఆరుని తలకిందులు చేస్తే తొమ్మిదే కదా! హైదరాబాద్ సంస్థానం లొంగిన తేదీ 17-9-1948. కూడితే మూడు వస్తుంది. పోనీ, నెల తొమ్మిదో నెల కదా, చాలు. ఇలా తేదీ కుదరకపోతే నెల, నెల కుదరకపోతే టైము, ఏదీ కుదరకపోతే శీర్షాసనం. ఏదో ఒక తలుపు తెరుచుకునేది. తెరుస్తున్నది నేనేనని మాత్రం తట్టలేదు.

క్రికెట్ అయితే నాకు విందు భోజనం. 1983 ప్రపంచకప్పులో టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వేతో ఆడిన మ్యాచ్ తీసుకోండి. తేదీ 18-6-1983, కూడితే 36. మనవాళ్లు 9 పరుగులకి 4 వికెట్లు పోగొట్టుకున్నారు. అక్కడి నుంచి కపిల్ లాగాడు. కిర్మాణీతో కలిసి, విడిపోకుండా, 126 జోడించాడు. ఒకటీ రెండూ ఆరూ. అదీ ఎన్నో వికెట్టుకి? తొమ్మిదో వికెట్టుకి! దీన్ని పెళ్లిళ్లలో, రైళ్లలో, ఒకసారి దంతవైద్యుడి కుర్చీలో కూడా చెప్పాను. కపిల్ కొట్టిన 175 మాత్రం ఎవరైనా కూడమంటే మాట మార్చేవాణ్ణి. అది నాలుగు.

బ్యాడ్మింటన్ దగ్గర సింధు నన్ను ఇరుకున పెట్టింది. రియో ఒలింపిక్స్ ఫైనల్ 19-8-2016న. కూడితే 27. ఇంకేం, స్వర్ణం ఖాయమని అపార్ట్‌మెంటు వాళ్లందరికీ ముందే మిఠాయి పంచాను. తొలి గేమ్ గెలిచి, తర్వాత రెండూ మారిన్‌కి ఇచ్చేసింది. వెండి వచ్చిందని దేశమంతా పండగ చేసుకుంటే నేను క్యాలెండర్ పట్టుకుని కూర్చున్నాను. మరుసటి ఏడు గ్లాస్గోలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ 27-8-2017న. మళ్లీ 27. 110 నిమిషాల పోరాటం, ఒకుహరా చేతిలో ఓటమి. 2019లో బాసెల్‌లో ఫైనల్ ఆగస్టు 25న. ఇదీ 27. ఈసారి అదే ఒకుహరాని 21-7, 21-7తో ఊదిపారేసింది. ఒకే తొమ్మిది, రెండు వెండి, ఒక బంగారం. బుద్ధున్నవాడు అక్కడే ఆగుతాడు. నేను బాసెల్ ఒక్కటే డైరీలో రాసుకున్నాను.

ఈ డైరీ మా మేనకోడలి కంట పడింది. తను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కాగితం తీసి నా ముందు పెట్టింది.

"మావయ్యా, ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా సంఖ్యలు తీసుకో. కూడితే తొమ్మిది వచ్చేవి ఎన్ని?"

"పదకొండు."

"ఎక్కడో ఒకచోట తొమ్మిది అంకె ఉన్నవి?"

లెక్కపెట్టాను. "పంతొమ్మిది."

"రెండు జాబితాల్లోనూ వచ్చేవి మూడు. 9, 90, 99. అవి ఒక్కసారే లెక్కవెయ్యి. మొత్తం ఇరవై ఏడు. అంటే నువ్వు కళ్లు మూసుకుని ఏ నంబరు తీసినా నాలుగింట ఒకటికి పైగా నీదే. ఇక నెలలు, గంటలు, వికెట్లు, తలకిందులు చేసిన ఆరులు కూడా కలుపుకుంటే తప్పించుకునేదేముంది?"

నాకు వేరే ఏదీ వినబడలేదు. "ఇరవై ఏడా! రెండూ ఏడూ తొమ్మిది! అదీ తొంభై తొమ్మిదింట్లో!" అన్నాను. తను పెన్ను కింద పెట్టేసింది.

ఓడిపోయిందనుకుని, దాచుకున్న బ్రహ్మాస్త్రం తీశాను. 2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్, ఆస్ట్రేలియా. ఫాలో ఆన్ ఆడుతూ మనవాళ్లు 657 దగ్గర డిక్లేర్ చేశారు. కూడితే 18. ద్రావిడ్ 180. మనం గెలిచింది 171 పరుగులతో. మూడూ తొమ్మిదే. ఈ లెక్క ప్రకారం ఆ మ్యాచ్ గెలిపించింది ద్రావిడేనని బ్యాంకు క్యాంటీన్లో నేను వాదించేవాణ్ణి, హైదరాబాద్ బ్రాంచిలో, లక్ష్మణ్ సొంతూళ్లో. కొట్టకుండా వదిలేశారు.

మేనకోడలు ఫోనులో స్కోరుకార్డు తెరిచింది. "లక్ష్మణ్ ఎంత కొట్టాడు?"

"281."

"కూడు."

"పదకొండు. అంటే రెండు."

"రెండు దాకా వెళ్లకు, పదకొండు దగ్గరే ఆగు. వాళ్లిద్దరూ రోజంతా ఆడిన తేదీ?"

"14-3-2001." కూడాను. పదకొండు.

"ఆ పొద్దున ఆట మొదలయ్యేసరికి స్కోరు 254. సాయంత్రం దాకా వికెట్ పడకుండా చేసినవి 335. ఆట ఆగేసరికి ద్రావిడ్ 155." ఒక్కోటీ కూడుతుంటే నా గొంతు తడారిపోయింది. పదకొండు, పదకొండు, పదకొండు. "జట్టులో ఎంతమంది మావయ్యా?" అని కూడా అడిగింది. అంత అవసరం లేదు.

నా బ్రహ్మాస్త్రంలో తొమ్మిది మూడుసార్లు వస్తే పదకొండు అయిదుసార్లు ఉంది. తను వెతికింది పది నిమిషాలు. నేను ఆ మ్యాచ్ మీద ఎన్నేళ్లు పెట్టానో చెప్పుకుంటే బావుండదు.

తర్వాత తను ఒక మాట అడిగింది, ఎత్తిపొడుపు లేకుండానే. "ఆ రోజు ఆట చూశావు కదా, లక్ష్మణ్ ఎలా ఆడాడు?"

సెలవు పెట్టి మరీ చూశాను. పేపరు అంచున కూడికలు రాస్తూ చూశాను. 171 ఎప్పుడొచ్చింది, 180 ఎప్పుడు దాటాడు, 234 దగ్గర ఓవరు ఎవరిది, ఇవి చెప్పగలను. ఎలా ఆడాడో చెప్పలేకపోయాను. ఇద్దరం కూర్చుని ఫోనులోనే ఆ ఇన్నింగ్స్ మళ్లీ చూశాం. షేన్ వార్న్ లెగ్ స్టంప్ అవతల గరుకు చూసి బంతి తిప్పుతున్నాడు. లక్ష్మణ్ ముందుకొచ్చి, బంతి తిరిగే దిక్కుకి ఎదురుగా మిడ్ వికెట్ మీదకి కొట్టాడు. అలాంటి బంతినే కాసేపయ్యాక పక్కకి జరిగి కవర్స్ మీదుగా పంపాడు. వార్న్ నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. ఆ మ్యాచ్‌లో లక్ష్మణ్ నడుము బాగా ఇబ్బంది పెట్టిందని, ఫిజియో పట్టి సరిచేస్తేగానీ దిగలేకపోయాడని, ద్రావిడ్ అప్పుడే జ్వరం నుంచి లేచాడని కూడా నాకు ఇప్పుడే తెలిసింది. అప్పట్లో నేను స్కోర్లు మాత్రమే చదివాను.

ఆ ఇన్నింగ్స్ వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి. చూడనివాళ్లుంటే చూడండి. తెర కింద స్కోరు కనబడుతుంటుంది, అక్కడ చెయ్యి అడ్డం పెట్టుకోండి.