అరవైకే ఆరోగ్యం

రోగం నయం చేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మందు కనిపెట్టడం. అది కష్టం. ఏళ్ళు పడుతుంది, ఒక్కోసారి ఎంత వెతికినా దొరకదు. రెండోది, ‘నయమైంది’ అనడానికి గీసుకున్న గీతను కాస్త కిందికి దించడం. బ్రిటన్‌లో ఈ రెండో దారిని సుమారు 50 లక్షల పౌండ్ల ఖర్చుతో, 641 మంది రోగుల మీద తొక్కి చూపించారు. 2011లో ‘లాన్సెట్’ పత్రిక దాన్ని అచ్చువేసి ఆశీర్వదించింది. దాని పేరు పేస్ ట్రయల్.

పాత కథ ఇప్పుడెందుకంటారా? లాంగ్ కోవిడ్‌తో మంచమెక్కిన మనిషి ఏ ఆస్పత్రి గడప తొక్కినా వినబడే మాట ఒకటుంది. “రిపోర్టులన్నీ నార్మల్. మీరే ఎక్కువగా ఆలోచిస్తున్నారు. రోజూ కాస్త వాకింగ్ చేయండి, మెల్లగా పెంచుకుంటూ పోండి.” ఈ సలహా ఆకాశం నుంచి ఊడిపడలేదు. దానికో స్థలపురాణం ఉంది. భక్తిశ్రద్ధలతో ఒకసారి పారాయణం చేద్దాం.

ఆ ట్రయల్ జరిగిన జబ్బు పేరు ఎంఈ, లేదా క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్. చాలామందికి ఏదో వైరల్ జ్వరంతో మొదలవుతుంది. జ్వరం పోతుంది, మనిషి మాత్రం లేవడు. స్నానం చేసి, ఓ అరగంట ఫోన్లో మాట్లాడితే ఆ పూటకు బాగానే ఉంటుంది. మర్నాడో, ఆ మర్నాడో కుప్పకూలిపోతాడు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో ఇచ్చిన నివేదిక ఈ జబ్బుకు అసలైన గుర్తు ఇదేనంది. లాంగ్ కోవిడ్ రోగుల్లో చాలామంది చెప్పేదీ సరిగ్గా ఇదే. శ్రమ సరిపడని ఈ జబ్బుకు పేస్ పెద్దలు రాసిన మందేమిటయ్యా అంటే, శ్రమ! రోగులు భయపడి కదలడం మానేశారు, కదలక కండ కరిగిపోయింది, పైగా తమకేదో పెద్ద జబ్బుందన్న నమ్మకం ముదిరిపోయిందన్నది వారి సిద్ధాంతం. నమ్మకాన్ని కౌన్సెలింగ్‌తో, కండను వ్యాయామంతో దారిలో పెడితే చాలట.

ఇక లెక్కలు చూడండి, అసలు రసం అక్కడుంది. మెట్లెక్కగలరా, సంచి మోయగలరా అని అడిగి వందకు మార్కులేసే ఒక ప్రశ్నావళి ఉంది. ట్రయల్‌లో చేర్చుకోవాలంటే 65 గానీ, అంతకు తక్కువ గానీ రావాలి, అంటే అంత జబ్బుగా ఉండాలి. కోలుకున్నారని అనాలంటే 85 రావాలని మొదట కాగితం మీద రాసుకున్నారు. తర్వాత ఏ శుభముహూర్తాన బుద్ధి పుట్టిందో, ఆ 85 కాస్తా 60 అయింది. 65తో చేరినవాడు ఏడాది చికిత్స తర్వాత 60కి దిగజారినా, ఈ కొలత మేరకు కోలుకున్నవాడే! పదో తరగతిలో 35 రాలేదని ట్యూషన్‌లో చేర్చుకున్న పిల్లాడు ఏడాది చివర 30 తెచ్చుకుంటే, “మా ట్యూషన్ వల్లే పాస్” అని సెంటర్లో ఫ్లెక్సీ కట్టినట్టు. మన ట్యూషన్ మాస్టార్లు ఎంతకైనా తెగించినవాళ్ళే గానీ, ఇంతవరకు వెళ్ళలేదు. చేరిన రోజున, ఒక్క అడుగు వేయకముందే, దాదాపు 13 శాతం మంది ఇలాంటి కొలతల్లో కనీసం ఒకదాన్ని దాటేసి ఉన్నారు.

ట్రయల్ నడుస్తుండగానే రోగులకో వార్తాపత్రిక పంపారు. అందులో “ఈ చికిత్స నా బతుకు మార్చేసింది” అనే ధోరణిలో తోటి రోగుల ప్రశంసలు వేశారు. ఫలితాన్ని కొలిచేది రోగి నోటిమాటతోనే అయినప్పుడు, ముందుగా ఆ నోరు తీపి చేయడం తెలివైన పనే. కాళ్ళకు మాత్రం ఆ తెలివి లేదు. వ్యాయామం చేసినవాళ్ళు ఏడాది తర్వాత ఆరు నిమిషాల్లో సగటున 379 మీటర్లు నడిచారు. ఆరోగ్యంగా ఉన్న ముసలివాళ్ళు అంతకంటే చాలా ఎక్కువ నడుస్తారు. ట్రయల్‌కు డబ్బిచ్చినవాళ్ళలో బ్రిటన్ పింఛన్ల శాఖ కూడా ఉంది. రోగి లేచి పనిలోకి పోతే భృతి మిగులుతుందన్న ఆశ కావచ్చు. అదీ తీరలేదు.

అయినా 2013లో అదే బృందం, వ్యాయామం వల్లా కౌన్సెలింగ్ వల్లా 22 శాతం మంది పూర్తిగా కోలుకున్నారని ప్రకటించింది. ఆస్ట్రేలియాలోని ఒక రోగి, “అయ్యా, మీరు మొదట రాసుకున్న కొలతతో లెక్క వేస్తే ఎంతవుతుందో చూస్తాను, అంకెలివ్వండి” అని సమాచార హక్కు కింద అడిగాడు. ఆ అంకెలున్న క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం ఇవ్వనంది. ఇవ్వకుండా ఉండటానికి రెండు లక్షల పౌండ్లకు పైగా లాయర్లకు పోసింది. 2016 ఆగస్టులో ట్రిబ్యునల్‌లో ఓడిపోయాక ఇవ్వక తప్పలేదు. మొదటి కొలతతో లెక్క వేస్తే కౌన్సెలింగ్ వాళ్ళలో 7 శాతం, వ్యాయామం వాళ్ళలో 4 శాతం కోలుకున్నారు. ఈ రెండూ లేకుండా మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవాళ్ళలో 3 శాతం. గణాంకాల తూకంలో ఆ తేడా నిలబడలేదు. జబ్బుతో ఉన్న రోగి ఈ పని చేయగలిగాడు. మహామహులు సమీక్షించిన వ్యాసంలో వాళ్ళెవరికీ ఇది కనబడలేదు.

చివరికి 2021 అక్టోబరులో బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్, ఎంఈ రోగులకు మెట్టుమెట్టుగా పెంచే వ్యాయామం చేయించవద్దని మార్గదర్శకాల్లో రాసింది. దాన్ని సమర్థించే సాక్ష్యాలన్నీ నాసిరకమో, మరీ నాసిరకమో అని తేల్చింది. ఆ మార్గదర్శకాలు కూడా సాఫీగా రాలేదు. ఆగస్టులో రేపు విడుదలనగా ఆపేశారు, వైద్య సంఘాల పెద్దలు అలిగారు గనక. లాన్సెట్ ఆ వ్యాసాన్ని ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. రాసినవాళ్ళూ తమ మాట మీదే ఉన్నారు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పరీక్షలో దొరకని జబ్బును రోగి మీదకు నెట్టడం వైద్యానికి కొత్తేం కాదు. 1955లో లండన్ రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో దాదాపు 300 మంది సిబ్బంది ఇలాంటి జబ్బుతో పడిపోయారు, ఆస్పత్రినే మూసేశారు. పదిహేనేళ్ళ తర్వాత ఇద్దరు మనోవైద్యులు పాత కాగితాలు తిరగేసి, అది సామూహిక హిస్టీరియా అని తేల్చారు. ఒక్క రోగినీ పరీక్షించలేదు. వాళ్ళు చూపిన ఆధారాల్లో ఒకటి, పడిపోయినవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువగా ఉండటం! నర్సులు నిండిన ఆస్పత్రిలో మరెవరు ఎక్కువుంటారనుకున్నారో.

ఆ ఒరవడి ఇంకా పోలేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ 2016లో మొదలుపెట్టి, 17 మంది ఎంఈ రోగులను అన్ని వైపుల నుంచీ తవ్వి, 2024లో పెద్ద వ్యాసం వేసింది. అందులో రోగనిరోధక వ్యవస్థ గురించి, మెదడు గురించి పనికొచ్చే సంగతులున్నాయి. వాటి మధ్యన మీటలు నొక్కే ఆట ఒకటి ఆడించి, ఈ రోగుల్లో ‘ప్రయత్నం పట్ల మొగ్గు’ వేరుగా ఉందని కూడా రాశారు. శ్రమపడితే వారం మంచంలో ఉండాల్సిన మనిషి తేలిక మీట నొక్కాడు. దానికి ఎనిమిదేళ్ళ పరిశోధన.

అదే ఏడాది జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు చేసిన పని ఇంకాస్త మొరటుది. 25 మంది లాంగ్ కోవిడ్ రోగులతో సైకిల్ తొక్కించి, తొడ కండలోంచి ముక్క తీసి చూశారు. వ్యాయామం తర్వాత కొందరిలో కండ కణాలు చచ్చిపోయి ఉన్నాయి, మైటోకాండ్రియా పనితీరు పడిపోయింది. 2025 ఆగస్టులో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు 15 వేల మందికి పైగా ఎంఈ రోగుల జన్యువులు చదివి, ఎనిమిది చోట్ల తేడాలు కనబడ్డాయన్నారు. వాటిలో కొన్ని రోగనిరోధకశక్తికి, నాడీవ్యవస్థకు సంబంధించినవి. ‘ఎక్కువగా ఆలోచించే జన్యువు’ మాత్రం ఎక్కడా తగల్లేదు.

నిజాయితీ ఎలా ఉంటుందో చూడాలంటే నార్వే చూడండి. అక్కడి వైద్యులు ఫ్లూగె, మెల్లా రిటక్సిమాబ్ అనే మందుతో ఎంఈ తగ్గుతుందని నమ్మారు, చిన్న ట్రయల్స్‌లో ఆశ కనబడింది. 151 మందితో పెద్ద ట్రయల్ చేస్తే ఆ మందు పనిచేయలేదు. గీత దించలేదు, లాయర్లను పెట్టుకోలేదు, 2019లో ఉన్నదున్నట్టు అచ్చేశారు.

అమెరికాలో లాంగ్ కోవిడ్ కోసం రికవర్ పేరిట 115 కోట్ల డాలర్లు కేటాయిస్తే, తొలి ఏళ్ళలో అధిక భాగం రోగులను గమనించడానికే పోయింది. చికిత్సల ట్రయల్స్ వంతు 2023కు వచ్చింది. మెదడు మసకకు (బ్రెయిన్ ఫాగ్‌కు) కంప్యూటర్ ఆటలు ఆడించి చూశారు, వాటికంటూ ప్రత్యేకమైన మేలేమీ తేలలేదు. ఈ ఖాళీలో దుకాణాలు వెలిశాయి. సైప్రస్‌లో రక్తం కడిగి ఇస్తామన్నారు, మన ఊళ్ళలో ఇమ్యూనిటీ సెలైన్ ఎక్కిస్తామంటున్నారు. జబ్బే లేదనేవాడికీ, ఏ జబ్బుకైనా తన దగ్గర మందుందనేవాడికీ తేడా బిల్లులోనే.

మన ఆరోగ్య శాఖ 2020 సెప్టెంబరులో ఇచ్చిన కోవిడ్ అనంతర సూచనల్లో యోగా, ప్రాణాయామం, చ్యవనప్రాశ, పొద్దుటి నడక ఉన్నాయి. నడక పక్కన ‘తట్టుకోగలిగినంత’ అన్న మాటా ఉంది. ఓపీ గదికి చేరేలోపు ఆ మాట ఎక్కడో జారిపోయింది. నిజానికి జ్వరం పోయాక కూడా జబ్బు ఉంటుందని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2006లో చికున్‌గున్యా వచ్చిన ఇళ్ళను అడగండి. జ్వరం వారంలో పోయింది, కీళ్ళు నెలల తరబడి పట్టేశాయి. అప్పుడెవరూ ఆ ఇళ్ళలోని ముసలమ్మలను “మీ మోకాలు ఎక్కువగా ఆలోచిస్తోంది” అనలేదు.

డాక్టరుగారూ, ఎంఈకి గానీ, లాంగ్ కోవిడ్‌కి గానీ పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. ఆ మాట రోగికి చెప్పడానికి మొహమాటపడకండి. వాకింగ్ రాసే ముందు మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: “నడిచిన మర్నాడు ఎలా ఉంటోంది?” జవాబు పూర్తిగా విన్నాకే కలం పట్టుకోండి.