కొడుకు కావలెను, ఇంటిపేరు మనదే అయి ఉండవలెను

సిద్దిపేట 2016లో జిల్లా అయింది. 2023 అక్టోబరులో రైలొచ్చింది. కాళేశ్వరం నీళ్ల సంగతి సరేసరి. ఎకరం ధర పెరిగిన కొద్దీ ఇక్కడ తమ్ముళ్ల మీద అన్నలకు ప్రేమ కూడా పెరుగుతోంది. ఆ తమ్ముడికి ఇద్దరూ ఆడపిల్లలే అయితే ఇక ఆ ప్రేమకు పట్టపగ్గాలుండవు.

"నీకు కొడుకు లేడన్న రంది నాకుండదారా తమ్మీ? నా చిన్న పోరన్ని సాదుకో. మనోడే గదా!"

తమ్ముడు అడగలేదు. తమ్ముడి భార్య అసలే అడగలేదు. కానీ చట్టం ప్రకారం ఆమె ఒప్పుకోనిదే దత్తత చెల్లదు కనుక ఒప్పిస్తారు. అంటే చుట్టాలంతా వచ్చి, ఆమె పెట్టిన చాయ్ తాగుతూ, "రేపు తలకొరివి ఎవడు వెడతడే?" అని పొద్దుగూకేదాకా అడుగుతారన్నమాట.

అన్న లెక్క చూడండి. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం దత్తుడికి పుట్టినింటితో బంధం తెగిపోతుంది. కాబట్టి పెద్దకొడుక్కి అన్న భూమి, చిన్నకొడుక్కి తమ్ముడి భూమి. ఇద్దరు కొడుకులున్నా గెట్టు పెట్టే పని తప్పింది. విత్తనం ఒక్కటే ఖర్చు. ఇంత దిగుబడి రంగనాయకసాగర్ ఆయకట్టులో ఏ పంటకూ లేదు.

మరి మేనల్లుడు పనికిరాడా? రాడు. అక్క కొడుకును దత్తత తీసుకుంటే మన బిడ్డకు బావ కావాల్సినవాడు అన్న అయిపోతాడు. చేతికందిన అల్లుడు పోతాడు. పైగా ఇంటిపేరు వేరే. అందుకే కుటుంబప్రేమ ఎప్పుడూ పాలోళ్ల ఇంటివైపే నడుస్తుంది.

"బిడ్డలకు పెండ్లిళ్లు జేస్తిమి, కట్నాలిస్తిమి, ఇంకేంది?" అంటారు. మన దగ్గర 1985 నుంచే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో వాటా ఉంది. 2005లో దేశమంతటికీ వచ్చింది. దత్తుడొచ్చినా ఆ వాటా పోదు. అది తెలిసీ, పుట్టిన బిడ్డ హక్కును పుట్టని కొడుకుతో కప్పెట్టాలని చూసేవాళ్లను పెద్దమనుషులంటున్నాం.

వయసు దగ్గర చట్టం కొంచెం మొండిది. ఆచారం ఒప్పితే తప్ప దత్తతకు పదిహేనేళ్లు నిండకూడదు. మనవాళ్లకేమో పాలు తాగే పిల్లలకంటే పాసుబుక్కు చదవగలిగిన పిల్లలే ముద్దొస్తారు. హోమం చేయకపోయినా ఫరవాలేదు, చేతికిచ్చి చేత పుచ్చుకుంటే చాలు. అయినా హోమం ఘనంగా చేస్తారు, ఊరంతటికీ భోజనాలు పెడతారు. రిజిస్ట్రేషన్‌కు మాత్రం బద్ధకం. నోటరీ ముద్ర కొట్టిన బాండ్ పేపర్‌ను దేవుడి పటం వెనక దాస్తారు. అయిదారేళ్లకు అన్నదమ్ములకు చెడితే "మా పోరన్ని మాకియ్యి" అంటారు. చెల్లిన దత్తతను రద్దు చేసుకోవడం కుదరదన్న సంగతి ఆనాడు వకీలు చెప్తే తెలుస్తుంది.

ఒక్కగానొక్క కొడుకును దత్తతకివ్వొచ్చా అని మన బలుసు వారి తగువు లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఇవ్వొచ్చని 1899లో తీర్పొచ్చింది. శాస్త్రాలు, వ్యాఖ్యానాలు, పాత తీర్పులు అన్నీ తిరగేశారు. 1956 చట్టం ఇంకాస్త ముందుకెళ్లి కన్నవాళ్ల ఒప్పుకోలు, పెంచేవాళ్ల ఒప్పుకోలు అడిగింది. పిల్లవాడిది అదీ అడగలేదు.

అడిగే దారి ఇంకోటి ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద బాబాయి, పెద్దనాన్న, మేనమామ, మేనత్త, పెద్దమ్మ, పిన్ని, తాత, అమ్మమ్మ, నాయనమ్మ దత్తత తీసుకోవచ్చు. మతంతో పని లేదు. 2022 సెప్టెంబరు నుంచి ఉత్తర్వు కలెక్టరే ఇస్తున్నారు. ఆ ఫైల్లో ఒక షరతుంది: బిడ్డకు అయిదేళ్లు నిండితే, ఆ బిడ్డ సమ్మతి కూడా తీసుకోవాలి.

ఆ మాట చెప్తే మన అన్నగారు కండువా దులిపి లేస్తారు. "అయిదేండ్ల పోరన్నేం అడుగుతరు సార్? వానికి ఎన్ని గుంటలొస్తయో ఎర్కనా?"