కిట్టు వేసుకోని నేరం

పత్తి చేలో మందు కొడుతూ కూలి పడిపోతే నేరస్థుణ్ణి పట్టుకోవడానికి మన దగ్గర అరనిమిషం చాలు. ఆ విషాన్ని తయారుచేసినవారినీ, అమ్మినవారినీ, అమ్ముకోమని అనుమతిచ్చినవారినీ ఇబ్బంది పెట్టనక్కర్లేదు. పడిపోయినవాడే దొరికాడు కదా, రక్షణ కిట్టు వేసుకోలేదు! 2017లో ఆదిలాబాద్‌కు పొరుగునే, పెన్‌గంగ అవతల ఉన్న యవత్‌మాల్ జిల్లాలో ఇరవైమందికి పైగా చచ్చిపోయి మరీ ఈ నేరం ఒప్పుకున్నారు. ఆస్పత్రిపాలైన వందలమంది సహనిందితులు.

డబ్బాతో ఇచ్చే కాగితంలో అన్నీ ఉంటాయి మరి. తొడుగులు, బూట్లు, కళ్లద్దాలు, మాస్కు, ఒళ్లంతా కప్పే బట్టలు. అక్షరాలు చీమ తలకాయంత. డబ్బా మీద ఎర్ర త్రికోణం, పైన పుర్రె, ఎముకలు. పుర్రెను చదవడానికి బడికెళ్లక్కర్లేదు కాబట్టి కూలికి చెప్పాల్సిందంతా చెప్పేసినట్టే.

ఆ కాగితం పట్టుకుని భాద్రపదంలో చేలోకి రండి. గాలి ఆడదు, ఒకటే ఉక్క. పత్తి ఛాతీదాకా ఎదిగింది. వీపున నిండు పంపు. కూలి ట్యాంకుల లెక్కన, కాబట్టి నీడన కూర్చుంటే ఆ మేరకు డబ్బులు పోయినట్టే. నాజిల్లో నలక పడితే విప్పి నోటితో ఊదడమే. ముక్కుకు చుట్టిన తువ్వాలు చెమటకు తడిసిందో మందుకు తడిసిందో చెప్పలేం. గట్టుమీద డ్రమ్ములో మందు కలిపి పంపు నింపే ఆడమనిషికైతే కిట్టు వేసుకోమన్న సలహా కూడా దక్కదు. ఆమె నీళ్లందించే మనిషి కిందే లెక్క.

పత్తికి కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులకు పురుగు నరం, మనిషి నరం అన్న పక్షపాతం లేదు. నరం చెప్పిన మాటను అక్కడితో ఆపించే ఎంజైమును అవి కట్టేస్తాయి. కండలు అదురుతూనే ఉంటాయి, చొంగ కారుతుంది, కంటిపాప చిన్న చుక్కైపోతుంది. వడదెబ్బ అనుకుని మజ్జిగ తాగి మళ్లీ పంపు ఎత్తుకుంటారు. 2003లో మన దేశంలో మూడు పల్లెల పత్తి రైతు మహిళలు మందు కొట్టినప్పుడల్లా తమ ఇళ్లలో ఏమైందో లెక్క చెప్పారు. నూటికి 83 సార్లకు పైగా ఏదో ఒక విష లక్షణం కనిపించింది. నూటికి ఆరుసార్లు నరాల బాధ మరీ తీవ్రం. అయినా ఒక్కరూ డాక్టరు దగ్గరికి పోలేదు. ఫిర్యాదులేవీ అందలేదని అధికారులు చెప్పే మాట అబద్ధమెలా అవుతుంది?

హక్కులకూ కొదవ లేదు. మందు చల్లే పనిలో పెట్టుకునేవారిని ముందొకసారి, ఆ తర్వాత అప్పుడప్పుడూ డాక్టరుకు చూపించాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. ఈ విషప్రభావాన్ని వృత్తి వ్యాధిగా 1923 నాటి పరిహార చట్టం ఏనాడో తన జాబితాలో రాసుకుంది. మరి ఆ పరిహారం కట్టాల్సిన యజమాని ఎవరయ్యా అంటే మూడెకరాల కౌలుదారు. మందు అరువు తెచ్చిందీ, పక్క సాలులో రెండో పంపు మోస్తున్నదీ అతనే.

ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల ప్రవర్తనా నియమావళిలో ఒక వాక్యం ఉంది. ఒంటిమీద భరించలేని, కొనలేని, దొరకని రక్షణ సామగ్రి ఉంటేగాని వాడకూడని మందుల జోలికే పోవద్దనీ, వేడి దేశాల్లో చిన్న రైతులు, కూలీల విషయంలో మరీ ముఖ్యమనీ దాని సారం. మన పెద్దలు దాన్ని చదవలేదనను. 'రక్షణ సామగ్రి' దాకా చదివి, మిగతాది వినే ఓపిక లేక, కిట్లు పంచడానికి లేచి వెళ్లినట్టున్నారు.