మేకు ఎరగని లాడాన్ని

నేను గుర్రం కాలికి తొడిగే ఇనుప చెప్పును. ఇప్పటి లాడంలా గిట్టకు మేకులు దిగగొట్టి బిగించే రకం కాదు. అడుగున దళసరి ఇనుపరేకు, అటూ ఇటూ పైకి లేచిన రెక్కలు, వార్లు కట్టుకోవడానికి కొక్కేలు. గిట్టను నాలో ఇమిడ్చి తోలు వార్లతో కాలికి కట్టేవారు. పని కాగానే విప్పేసేవారు. బ్రిటన్ ఉత్తరాన, హేడ్రియన్ గోడకు కాస్త దక్షిణంగా ఉన్న రోమన్ కోట విండోలాండాలో నా కొలువు.

గిట్ట కూడా ఒక గోరే. పెరుగుతుంది, అరుగుతుంది. పెరిగేదానికన్నా అరిగేది ఎక్కువైనప్పుడే గుర్రానికి కష్టం మొదలవుతుంది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫోన్ గుర్రాల పెంపకం మీద పుస్తకమే రాశాడు. అందులో లాడం ఊసు లేదు. గుర్రాన్ని నిలిపే చోట నాలుగైదు బళ్ల గుండ్రాళ్లు పరిపించమన్నాడు. వాటి మీద కాళ్లు కదుపుతుంటే గిట్టలు వాటంతటవే గట్టిపడతాయని ఆయన నమ్మకం. గ్రీసు పొడినేలలో అది చెల్లింది. మా దగ్గర ముసురు వదిలేది కాదు. తడికి నాని మెత్తబడ్డ గిట్టతోనే కంకర బాట మీద బరువులు మొయ్యాలి.

నాకన్నా ముందు తరంలో ఆక్టేవియస్ అనే ఆయన పల్చటి చెక్కరేకు మీద రాసిన ఉత్తరం ఈ కోట మట్టిలోనే దొరికింది. కాటరాక్టోనియం అనే ఊళ్లో తోళ్లు ఉన్నాయట. దారులు బాగాలేనప్పుడు పశువులను బాధపెట్టడం ఇష్టంలేక తెచ్చుకోవడానికి వెళ్లలేదట. సరుకు ఆగినా సరే అనుకున్న ఆ మనిషంటే నాకెంతో గౌరవం.

నన్ను తొడుక్కుని గుర్రం దౌడు తీయలేదు, మెల్లగా నడవగలదంతే. గిట్ట దెబ్బతిన్నప్పుడు మందు పెట్టి కట్టడానికి కూడా మా జాతి పనికొచ్చి ఉంటుందని పండితులు అంటారు. ఆ మాట వింటే నాకు సంతోషం.

క్రీ.శ. పదో శతాబ్దం చివరికల్లా యూరప్‌లో మేకుల లాడం పాతుకుపోయింది. దౌడులో ఊడిపోదు, ఆ గొప్ప దానిదే. గిట్ట బయటి గోడకు నొప్పి తెలియదు కాబట్టి చెయ్యి తిరిగినవాడు కొడితే బాధే లేదు. కానీ మేకు కాస్త లోపలికి జరిగిందా, లోపలి సున్నిత భాగానికి తగిలి గుర్రం కుంటుతుంది. నా వల్ల ఏ గుర్రానికీ మేకు పోటు తగల్లేదు.

2018లో తవ్వకాల్లో ఒక స్వచ్ఛంద కార్యకర్తకు మేం నలుగురం ఒక్కచోటే దొరికాం. మమ్మల్ని పడేసిన కందకం క్రీ.శ. 140-180 మధ్యది. గాలి సోకని మట్టి మమ్మల్ని తుప్పుకు వదల్లేదు. జారకుండా అడుగున చేసిన పట్టు ఇంకా కనిపిస్తుంది. మాలో ఒకరికి వెంట్రుకంత పగులుంది, అది నేనే. బహుశా అందుకే జతలన్నీ కలిపి పారేశారు. పగిలిన ఇనుము బరువుకు విరిగితే ఆ అంచు తిన్నగా గిట్టలోకి దిగుతుంది. పారేసినవాళ్లు మంచి పనే చేశారు.