అవధాని లేని అవధానం

మందార మొక్కకు పిండినల్లి పడితే ఏం చేయాలి? ప్రశ్న ఇంతే. మా మిద్దెతోట వాట్సాప్ గ్రూపులో ఒకావిడ పోయిన వారం అడిగారు. ఫొటో కూడా పెట్టారు. మొగ్గల కాడల నిండా తెల్లటి పిండి, ముడుచుకుపోయిన చిగుళ్ళు, కింద జిగురు కారిన ఆకులు. అప్పట్నుంచీ నా బుర్రను తొలుస్తూనే ఉంది. పురుగు కాదు, దానికొచ్చిన జవాబులు.

మొదటి జవాబు "సూపర్ మేడమ్". రెండోది చప్పట్లు. మూడో ఆయన రెండు చేతులూ జోడించారు. దండం మొక్కకో, పురుగుకో తేల్చుకోలేకపోయాను. ఒకరు "దిష్టి తగిలింది, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వెయ్యండి" అన్నారు. ఇంకొకాయన జీవామృతం పోయమని కొలతలతో సహా రాశారు: 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 10 లీటర్ల గోమూత్రం, బెల్లం 2 కిలోలు, పప్పుల పిండి 2 కిలోలు. అది ఎకరం పొలానికి సరిపడే లెక్క. ఆవిడ ఉండేది మూడో అంతస్తు, బెడద పట్టింది ఒక్క కుండీకి. ఆ డ్రమ్ము మిద్దె మీద కలిపితే పిండినల్లి సంగతేమో గాని, కింది వాటాల వాళ్ళు మాత్రం ఖాళీ చేయడం ఖాయం.

ఈలోగా ఎవరిదో పుట్టినరోజని తేలింది. ఇక కేకులే కేకులు. కేకుల మధ్యలో, బెండకాయ నానబెట్టిన నీళ్ళు తాగితే షుగర్ మాయమంటూ ఒక ఫార్వర్డు. దాని నెత్తిన రెండు బాణాలు. అంటే ఊళ్ళన్నీ తిరిగి తిరిగి మా దగ్గరికొచ్చిందని అర్థం. ఒక మెసేజీని ఒకేసారి 5 చోట్లకు మించి పంపడానికి వీల్లేదని 2018లో మన దేశంలో వాట్సాప్ కట్టడి పెట్టింది. బాగా తిరిగిన మెసేజీనైతే ఒకసారికి ఒక్క చోటికే పంపాలని 2020లో ఇంకాస్త బిగించింది. మావాళ్ళు బుద్ధిగా పాటిస్తున్నారు. ఆ ఒక్క చోటూ మా గ్రూపే.

ఇక్కడ అష్టావధానం గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. ఒక్క మాటే.

అవధానిని ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టుముడతారు కదా. వాళ్ళలో ఒకాయనకు అప్రస్తుత ప్రసంగం అప్పగిస్తారు. అవధాని పద్యం మూడో పాదంలో గుంజాటన పడుతుంటే "అవధానిగారూ, మీ ఇంట్లో ఉప్మాలో జీడిపప్పు వేస్తారా?" అని అడగడం ఆయన డ్యూటీ. ఆషామాషీ పని కాదది. ప్రస్తుతమేమిటో క్షుణ్ణంగా తెలిసినవాడే అప్రస్తుతం మాట్లాడగలడు. అందుకే ఆ కుర్చీకి మంచి చమత్కారిని ఏరి తెస్తారు. అదీ ఎనిమిది మందికి ఒక్కణ్ణే. పెద్దలు మోతాదు ఆలోచించే పెట్టారు.

మా గ్రూపులో మోతాదు తప్పింది. అలాగని మిగతా అంశాలు లేవనుకోకండి. నిషిద్ధాక్షరి అడ్మిన్‌గారిది. రాజకీయాలు వద్దు, మతం వద్దు, కులం వద్దు, హీరోలు వద్దు అని నియమాలు రాసి పెట్టారు. అన్నీ తీసేయగా మిగిలింది మొక్కలు. వాటి జోలికి ఎవరూ పోరు. దత్తపదికి ఒక మాస్టారున్నారు. కుండీ, చీమ, మందారం, వేపనూనె అని ఇచ్చి చూడండి, మూడో వాక్యానికల్లా నాలుగింటినీ ఎన్నికల్లో తేలుస్తారు. సమస్యలకు కొదవ లేదు, పూరణకే దిక్కు లేదు. ఘంటాగణనం తెల్లవారుజామునే మొదలు. శుభోదయం, టింగ్. గుడ్ మార్నింగ్, టింగ్. ఈ పొద్దుటి పూలబొమ్మలతో మన ఫోన్లు నిండిపోయి మొరాయిస్తున్నాయని గూగుల్ వాళ్ళే కనిపెట్టి, వాటిని ఏరి పారేసే వీలు ఫైల్స్ గో అనే యాప్‌లో పెట్టారు. మనుషుల్ని ఏరే వీలు ఇంకా రాలేదు.

ఒక గ్రూపులో ఇప్పుడు 1,024 మందిని చేర్చుకోవచ్చట. అంటే సహస్రావధానానికి సరిపోగా ఇరవై నాలుగు మంది పృచ్ఛకులు మిగులుతారు. అవధానే లేడు. ఇక చివర్న ధారణ అని ఒకటుంటుంది, చెప్పిన పద్యాలన్నీ వరసగా తిరిగి అప్పజెప్పడం. మాకా ఇబ్బంది లేదు. సాయంత్రానికి అసలు ప్రశ్నేమిటో అడిగినావిడకే గుర్తు లేదు. ఆవిడ కూడా కేకు పెట్టారు.

కబుర్లంటే నాకు కోపం లేదు. కబుర్లు ఎవరికి చేదు? నా ఉక్రోషమల్లా ఆ రోజు సరైన జవాబు రావడం మీదే. వచ్చింది మరి. వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, మేమంతా బాబాయిగారంటాం. ఒక్క వేలితో టైపు చేసి పంపారు: "అమ్మా, ముందు చీమలున్నాయేమో చూడండి. పురుగు వదిలే తియ్యటి జిగురు కోసం చీమలే దాన్ని కాపాడతాయి, కొమ్మకొమ్మకూ మోస్తాయి. బాగా పట్టిన చిగుళ్ళు కత్తిరించి సంచిలో కట్టి పారేయండి, కుండీ పక్కన వెయ్యొద్దు. లీటరు నీళ్ళకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగున కూడా తడిసేలా కొట్టండి. వారానికి మళ్ళీ కొట్టండి."

ఆ మెసేజీకి పైన ఒక కేకు, కింద ఒక కేకు. "బాగా చెప్పారు సార్" అంటూ ఒకాయన దాని కిందే మోకాళ్ళ నొప్పుల వీడియో పెట్టారు.

నిన్న గోరుచిక్కుడు పూత రాలుతోందని ఆయన్ని అడగబోయి సభ్యుల జాబితాలో వెతికాను. లేరు. 2022 నుంచి గ్రూపు వదిలి ఎవరు పోయినా చాటింపు ఉండదు, అడ్మిన్లకు మాత్రం కబురందుతుంది. అలిగి, అరిచి, "ఈ గ్రూపుకో దండం" అని రాసి పోయేవాళ్ళు ఎక్కడికీ పోరు. మర్నాడే శుభోదయంతో దిగబడతారు. విషయం తెలిసినవాళ్ళు అలా చప్పుడు చేయరు. వాళ్ళు లేరని తెలియాలన్నా మనకో నిజమైన సందేహం రావాలి. చెప్పడానికి మనిషి లేకపోవడం కంటే, ఉన్న మనిషికి చెప్పాలనిపించకుండా చేశామన్నదే నాకు గుచ్చుకుంటోంది.

మీ గ్రూపులో అలాంటి బాబాయిగారో పిన్నిగారో ఇంకా మిగిలి ఉండొచ్చు. వాళ్ళ పేరు పక్కన టైపింగ్ అని కనబడితే, పెట్టబోయే కేకు కాసేపు ఆపండి. ఆ వయసులో ఒక్క వేలితో వేపనూనె కొలత రాయడానికి కొంచెం టైం పడుతుంది.